ఊరి దగ్గర యాక్సిడెంట్లు ఆపే పనులకు నిధులు ఎక్కడ దొరుకుతాయి, ఎలా అడగాలి

నేను రోడ్లు భవనాల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) రిటైరయ్యాను. ఉండేది ఒంగోలులో. చుట్టుపక్కల ఊళ్ల నుంచి యువజన సంఘాల పిల్లలు, డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్లు, హెడ్మాస్టర్లు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే: "సార్, మా ఊరి దగ్గర యాక్సిడెంట్లు ఆగడం లేదు. రోడ్ సేఫ్టీకి గ్రాంట్ ఉందంటగదండీ, దానికెలా పెట్టుకోవాలి?"

ఊరు దరఖాస్తు పెట్టుకుంటే మొత్తం పనికి సరిపడా డబ్బు ఒకే చోట ఇచ్చే పథకం ఏదీ నాకు తారసపడలేదు. స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర రవాణా శాఖ సాయం చేస్తుంటుంది కానీ అది అవగాహన కార్యక్రమాల కోసం. మీ జంక్షన్‌లో లైటు వేయడానికి అది పనికిరాదు. అలాగని డబ్బు లేదనుకోకండి. అది ఏడెనిమిది పద్దుల్లో విడివిడిగా ఉంది. పనిని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ పద్దులోకి వస్తుందో తెలుసుకుని, దానికి తగ్గ కాగితంతో వెళ్లినవాళ్లకు అందుతోంది. "మా ఊరికి రోడ్డు భద్రత కల్పించండి" అని వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగినవాళ్లకు ఫొటోనే మిగులుతోంది. నిధుల కొరత కన్నా సరైన కాగితం లేక ఆగిపోయిన పనులనే నేను ఎక్కువగా చూశాను.

మొదట ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే నేషనల్ హైవే, పచ్చగా ఉంటే స్టేట్ హైవే, నారింజ రంగైతే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు. నేషనల్ హైవేల్లోనూ రెండు రకాలున్నాయి. కొన్నింటిని కేంద్రం జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ నేరుగా చూస్తుంది, కొన్నింటిని మన ఆర్ అండ్ బీలోని ఎన్‌హెచ్ విభాగం చూస్తుంది. బైపాస్ వచ్చాక ఊళ్లో మిగిలిన పాత హైవే ఎవరి చేతిలో ఉందో సచివాలయంలో కూడా చాలామందికి తెలియదు. దాన్ని మండల ఇంజినీరును అడిగి రాయించుకోండి. హైవేకు కలిసే ఊరి రోడ్డు పంచాయతీదో, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లదో అది కూడా వేరుగా రాసుకోండి. ఒక్క జంక్షన్‌లో ముగ్గురు యజమానులు ఉండడం మామూలే.

ఇక అసలు బలం యాక్సిడెంట్ షీటు. దీనిమీద మీరు ఎంత కష్టపడితే తర్వాత అంత సుఖపడతారు. పోలీస్ స్టేషన్‌కు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మీ ఊరి పొలిమేరల మధ్య గడిచిన మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో నమోదైన రోడ్డు ప్రమాద కేసుల వివరాలు కావాలని అడగండి. పేర్లు అడగొద్దు, అవసరం లేదు. సెక్షన్లు రాస్తే వెతకడం వాళ్లకు తేలిక: 2024 జూన్ ఆఖరు దాకా జరిగినవి ఐపీసీ 304ఎ, 337, 338 కింద ఉంటాయి, జూలై 1 నుంచి జరిగినవి భారతీయ న్యాయ సంహిత 106, 125 కింద ఉంటాయి. కొత్త సెక్షన్లు రాయకపోతే ఆ తర్వాతి కేసులు మీ చేతికి రాకుండా పోతాయి. జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంది.

వచ్చిన వివరాలను ఐదు గడుల్లో రాసుకోండి: తేదీ, సమయం, కిలోమీటరు, ఏ వాహనం దేన్ని గుద్దింది, ప్రాణం పోయిందా లేక తీవ్ర గాయమా. అందరూ తేలిగ్గా తీసుకునేది సమయం గడి. నా లెక్కలో అదే ముఖ్యం. ఎక్కువ కేసులు సాయంత్రం ఆరు దాటాక ఉన్నాయంటే మీకు కావాల్సింది వెలుతురు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య, మళ్లీ సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఉన్నాయంటే కావాల్సింది బడి పిల్లలు దాటే ఏర్పాటు. తెల్లవారుజామున మూడింటికి ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిన కేసులే ఎక్కువైతే మీరు అడగాల్సింది లారీలు ఆగడానికి స్థలం. ఒకే ఊరు, ఒకే రోడ్డు, కానీ మూడింటికి మూడు వేర్వేరు పనులు, మూడు వేర్వేరు పద్దులు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం నేషనల్ హైవేమీద సుమారు 500 మీటర్ల పొడవులో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయం అయిన ప్రమాదాలు 5 జరిగినా, లేక 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. మీ షీటు ఆ లెక్కకు తూగితే దరఖాస్తు మొదటి వాక్యంలోనే ఆ మాట రాయండి. దాన్ని పక్కన పెట్టడం ఏ ఆఫీసుకూ కుదరదు. తూగకపోయినా వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. ఇంకా బ్లాక్ స్పాట్ కాని చోట ముందే పని చేయడం అన్నిటికన్నా చవక.

షీటు పట్టుకుని, మీ కేసుల్లో ఎక్కువ ఏ వేళలో ఉన్నాయో ఆ వేళకే అక్కడికి వెళ్లి నిలబడండి. టేపు తీసుకెళ్లండి. రెండు లైన్ల రోడ్డు 7 మీటర్లు. నెమ్మదిగా నడిచే పెద్దావిడ సెకనుకు ఒక మీటరు నడుస్తుందనుకుంటే దాటడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 7 సెకన్లలో 155 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆవిడ అడుగు వేసేముందు కనీసం 155 మీటర్ల దూరం కనపడాలి. కొలవండి. మలుపులో చిల్లచెట్లు అడ్డమొచ్చి 60 మీటర్లే కనపడుతోందనుకోండి, మీ మొదటి పని జంగిల్ క్లియరెన్స్, అంటే ఆ చెట్లు, పొదలు కొట్టించడం. దానికి గ్రాంటే అక్కర్లేదు. రోడ్డు మెయింటెనెన్స్ చూసేవాళ్లు చేసి తీరాల్సిన పని అది. ఒక ఫొటో, కొలత రాసిన ఒక కాగితం చాలు.

ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ అడగరు. హైవేమీద స్పీడ్ బ్రేకర్ కావాలని ఊరంతా ధర్నా చేస్తుంది. నేషనల్ హైవేమీద స్పీడ్ బ్రేకర్లు వేయకూడదన్నది కేంద్రం విధానం, ఉన్నవాటిని కూడా తీసేయమని 2016లో చెప్పింది. కనుక ఆ కోరిక అక్కడే ఆగిపోతుంది. కానీ ఊరి రోడ్డు హైవేలో కలిసేచోట, కలవడానికి కాస్త ముందు, ఊరి రోడ్డుమీద హంప్ వేయొచ్చు. ఊళ్లోంచి బండిమీద ఆగకుండా హైవే ఎక్కేవాళ్లను అది ఆపుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం హంప్ వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. ఊరి రోడ్డు వెడల్పు 3.75 మీటర్లయితే పట్టే తారు కంకర ఒక ఘనపు మీటరు లోపే, రెండు టన్నులకు కాస్త అటూఇటూ. దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంప్ మీద తెల్ల పెయింటు, చివర ఎర్రటి స్టాప్ బోర్డు. మొత్తం పంచాయతీ సాధారణ నిధుల్లో అయిపోతుంది. కలెక్టరేట్ మెట్లెక్కాల్సిన పనే లేదు. సర్పంచ్‌లు "హైవే మాది కాదు గదండీ" అంటుంటారు. నిజమే, కానీ ఈ రోడ్డు పంచాయతీదే. ఆ మాట మర్యాదగా గుర్తుచేసి, గ్రామసభలో తీర్మానం రాయించండి. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో టైడ్ భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే. మీరు అడగాల్సింది ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే అన్‌టైడ్ భాగం నుంచి. ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సభల్లో ఈ పని రాయించకపోతే తర్వాత ఇరికించడం కష్టం.

హైవే మీది పనులకు వెళ్లాల్సింది జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి. అధ్యక్షులు కలెక్టర్. ఎస్పీ, రవాణా శాఖ, ఆర్ అండ్ బీ, ఎన్‌హెచ్ ఇంజినీర్లు, వైద్య శాఖ వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు ఇదొక్కటే. ప్రతి జిల్లాలోనూ ఇలాంటి కమిటీ ఉండాలని, ప్రతి రాష్ట్రంలో రోడ్డు భద్రతా నిధి పెట్టాలని సుప్రీంకోర్టు 2017 నవంబరు 30న రాజశేఖరన్ కేసులో ఆదేశించింది. ఆ కేసు వేసిన రాజశేఖరన్ గారు కోయంబత్తూరు ఎముకల డాక్టరు. ప్రమాదాల్లో విరిగిన కాళ్లూచేతులూ అతికించే మనిషే కోర్టుకెక్కాడన్న సంగతి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. కమిటీ మీటింగ్ ఎప్పుడో జిల్లా రవాణా అధికారి ఆఫీసులో కనుక్కోండి. వారం పది రోజుల ముందే మీ కాగితం ఎజెండాలోకి ఎక్కించండి. మీటింగ్ రోజు చేతికిచ్చిన కాగితం ఫైలు కిందకు పోతుంది.

కాగితం ఎలా ఉండాలో చూపిస్తాను. ఇది ఊహించి రాసిన నమూనా, అంకెలు మీవి పెట్టుకోండి. ఇందులో 247/400 అంటే 247వ కిలోమీటరు దాటాక 400 మీటర్లు. రంబుల్ స్ట్రిప్స్ అంటే డ్రైవరు వేగం తగ్గించేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నటి పట్టీల వరస, రోడ్ స్టడ్స్ అంటే లైటు పడితే మెరిసే బిళ్లలు:

"ఆర్యా, విషయం: కి.మీ. 247/400 వద్ద మా గ్రామ జంక్షన్‌లో రోడ్డు భద్రతా పనులు. గత మూడు సంవత్సరాల్లో ఈ 500 మీటర్లలో పోలీసు రికార్డు ప్రకారం మరణం లేదా తీవ్ర గాయం అయిన ప్రమాదాలు 6 జరిగి నలుగురు చనిపోయారు, కనుక ఇది బ్లాక్ స్పాట్ (షీటు జతచేశాం). వాటిలో 5 సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య జరిగాయి. జంక్షన్‌లో లైటు లేదు. మేం కోరే పనులు మూడు: ఒకటి, జంక్షన్‌కు రెండు వైపులా రంబుల్ స్ట్రిప్స్, రోడ్ స్టడ్స్. రెండు, హైమాస్ట్ లైటు. మూడు, 3 మీటర్ల వెడల్పున జీబ్రా క్రాసింగ్, ముందస్తు హెచ్చరిక బోర్డులు. ఊరి రోడ్డుపై హంప్, స్టాప్ బోర్డు మా పంచాయతీ ఖర్చుతో వేసుకుంటున్నాం (తీర్మానం జతచేశాం). లైటు కరెంటు బిల్లు పంచాయతీ భరిస్తుంది."

ఒక పేజీ దాటొద్దు. చివరి రెండు వాక్యాలు చూశారా? ఊరు తన వంతు తాను మోస్తోందని చెప్పేవి అవే. దరఖాస్తుల కట్టలో మీది పైకి రావడానికి వాటికి మించింది లేదు. కరెంటు బిల్లు ఎవరు కడతారో తేలక నెలల తరబడి వెలగని హైమాస్ట్ లైట్లు నా సర్వీసులో చాలా చూశాను. ఆ ప్రశ్నకు ముందే జవాబు రాసి ఇస్తే ఇంజినీరు సంతోషంగా సంతకం పెడతాడు.

ఎస్టిమేట్ మీరే వేయాల్సిన పనిలేదు, కానీ పరిమాణాలు లెక్కగట్టి ఇస్తే పని ముందుకు జరుగుతుంది. 7 మీటర్ల రోడ్డుమీద జీబ్రా అంటే అర మీటరు పట్టీ, అర మీటరు ఖాళీ, మొత్తం 7 పట్టీలు. ఒక్కోటి 3 మీటర్ల పొడవు. 7 × 0.5 × 3 = 10.5 చదరపు మీటర్ల థర్మోప్లాస్టిక్ పెయింటు. రేటు ప్రభుత్వ రేట్ల పట్టిక ఎస్ఎస్ఆర్‌లో ఉంటుంది, ఏఈ గారు చూసి వేస్తారు. ఇంత చిన్న పని అని అంకెల్లో కనపడేసరికి కాదనడానికి కారణం ఉండదు.

ఎంపీ నిధుల సంగతి. ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అందరికీ ఉపయోగపడే శాశ్వత ఆస్తికే ఆ డబ్బు: బస్ షెల్టర్, ఫుట్‌పాత్, లైట్లు లాంటివి. ర్యాలీకి, కరపత్రాలకు కుదరదు. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గానికి ఇస్తే, రాజ్యసభ సభ్యులు తాము ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడికైనా సిఫారసు చేయొచ్చు. ఆ సంగతి తెలియక మనవాళ్లు ఒక్క ఎంపీ చుట్టూనే తిరుగుతుంటారు.

గనులున్న చోట ఇంకో దారి ఉంది. మా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీలున్నాయి, అటు కరీంనగర్‌లో గ్రానైట్, పల్నాడు, సూర్యాపేట వైపు సున్నపురాయి, సిమెంటు. ఊళ్ల మీదుగా లోడు లారీలు తిరిగేది అక్కడే. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఆ డబ్బు. రోడ్లు, వంతెనల్లాంటి పనులకు అందులో ఒక వాటా ఉంటుంది. మీ షీటులో లారీల కేసులు ఎక్కువుంటే "గనుల లారీల వల్ల" అన్న మాటను కేసులతో సహా చూపించి ఆ నిధిని చూసే జిల్లా ట్రస్టుకు దరఖాస్తు పెట్టండి.

కంపెనీల సీఎస్ఆర్ దగ్గరకు వద్దాం. కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం, నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. రోడ్డు భద్రతపై అవగాహన, డ్రైవర్ల శిక్షణ, ప్రమాద బాధితుల వైద్యం, న్యాయ సహాయం ఇందులోకి వస్తాయని కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. కాబట్టి మీ పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీనో, రొయ్యల ప్లాంటునో అడిగేటప్పుడు తారు పని అడగకండి. ఫ్యాక్టరీకి వచ్చే ఆటో, లారీ డ్రైవర్లకు కంటి పరీక్షలు, కళ్లద్దాలు, శిక్షణ అడగండి. హైవే పక్క హోటళ్లవాళ్లకు, పంక్చర్ షాపులవాళ్లకు ప్రథమ చికిత్స నేర్పించమని అడగండి. దెబ్బతగిలిన మనిషి దగ్గరికి 108 కన్నా ముందు చేరేది వాళ్లే. సాయం చేసినవాళ్లను వేధించకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి వాళ్లకు చెప్పడమే పెద్ద పని.

పెద్ద ఎత్తున ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే చూడండి. ఆ రోడ్డుమీద మరణాలు తగ్గించే పనిని 2016లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, మహారాష్ట్ర ప్రభుత్వ రోడ్డు సంస్థ, హైవే పోలీసులు, మహీంద్రా కంపెనీ కలిసి మొదలుపెట్టారు. డబ్బు ఒకరిది, రోడ్డు ఒకరిది, పరిశీలన ఇంకొకరిది. ఊరి స్థాయిలో మీరు చేయబోయేదీ ఇదే.

అయితే కంపెనీ డబ్బు తీసుకోవడానికి సంఘానికి అర్హత కావాలి. మన రెండు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి రిజిస్టర్ చేసుకోవచ్చు, అది తేలికే. ఆ తర్వాత పాన్, ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర తీసుకునే సీఎస్ఆర్-1 నంబరు, వీటితోపాటు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కావాలి. నిన్న మొన్న పెట్టిన సంఘానికి ఇది కుదరదు. అందుకని మీ పట్నంలో ఇవన్నీ ఉన్న పాత ట్రస్టుతో కలిసి వెళ్లండి. డబ్బు వాళ్ల ఖాతాలోకి వస్తుంది, పని మీరు చేస్తారు. ఇద్దరి మధ్య ఒప్పందం రాతపూర్వకంగా పెట్టుకోండి. కంపెనీలు ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాదికి ప్రణాళిక ముందే వేసుకుంటాయి కనుక డిసెంబరు, జనవరిల్లో వెళ్లాలి. మార్చి ఆఖరులో వెళితే మిగిలిన డబ్బుతో హెల్మెట్లు పంచి ఫ్లెక్సీ కడతారు. హెల్మెట్లు వద్దని కాదు. మీ జంక్షన్ మాత్రం అలాగే ఉంటుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన ఊరివాళ్లు సాయం చేస్తామంటే ఒక్క జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఎంత మంచి మనసుతో పంపినా సంఘం చిక్కుల్లో పడుతుంది. పాస్‌పోర్టు సంగతి మొహమాటపడకుండా ముందే అడగండి.

అవగాహన ర్యాలీలకు డబ్బు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి చాలా సంఘాలు అక్కడే ఆగిపోతున్నాయి. ఇది నాకు బాధ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 61,038 మంది మొత్తం రోడ్ల పొడవులో 2 శాతం ఉన్న నేషనల్ హైవేలమీదే పోయారు. వాళ్లందరికీ జాగ్రత్తలు తెలియక పోలేదు. చీకట్లో, మలుపులో, దాటే దారి లేనిచోట పోయారు. మీకు వచ్చే రూపాయిల్లో పెద్ద భాగం రోడ్డుమీద కనపడే పనికే వెళ్లేలా చూడండి.

సొంత డబ్బుతో చేసినా, దాత డబ్బుతో చేసినా, రోడ్డు యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా హైవే స్థలంలో ఒక్క స్తంభం కూడా పాతొద్దు. 2002 నాటి హైవే భూముల చట్టం ప్రకారం అది ఆక్రమణ. పైగా తప్పు చోట పాతిన ఇనుప స్తంభమే రేపు ఒకడి తల పగలగొడుతుంది.

పని జరిగేరోజు అక్కడే ఉండండి. హంప్ వేశాక ఈ అంచున, ఆ అంచున ఒకే ఎత్తు కర్రలు నిలబెట్టి, వాటి పైకొనలకు దారం బిగించి కట్టండి. కర్ర ఎత్తులోంచి మధ్యలో దారం కింద ఉన్న ఎత్తు తీసేస్తే హంప్ ఎత్తు తెలుస్తుంది. 10 సెంటీమీటర్లు బాగా దాటితే ఆటో అదుపు తప్పొచ్చు, గర్భిణులకు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు ప్రమాదం. బోర్డులకు లైటు పడితే మెరిసే రెట్రో రిఫ్లెక్టివ్ షీటు అంటించారో లేదో రాత్రి బండి లైటు వేసి చూడండి. సోలార్ బ్లింకర్ పెడితే బ్యాటరీ మార్చే బాధ్యత ఎన్నేళ్లు, ఎవరిది అనేది బిల్లు పాసయ్యేముందే రాయించుకోండి.

దాతకు, కమిటీకి లెక్క చెప్పేటప్పుడు బిల్లులు, వినియోగ ధ్రువపత్రం, ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు ఇవ్వండి. ఆరు నెలలకోసారి అదే స్టేషన్‌కు మళ్లీ ఆర్టీఐ పెట్టి షీటు కొత్తగా రాసి పంపండి. కేసులు తగ్గితే పక్క జంక్షన్‌కు అడగడానికి అదే మీ దరఖాస్తు. తగ్గకపోతే ఏ వేళ కేసులు మిగిలాయో సమయం గడిలో చూసి, మిగిలిన పనిని తర్వాతి కమిటీ మీటింగ్ ఎజెండాలో పెట్టించండి.